గాలి ఫిరంగిలో పెత్తనం రంధ్రానిదే

20 లీటర్ల పెయింట్ బకెట్ అడుగున 10 సెంటీమీటర్ల వెడల్పుతో గుండ్రటి రంధ్రం కోసి, మూతి మీద మందపాటి ప్లాస్టిక్ షీటు కొంచెం వదులుగా పరిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కడితే గాలి ఫిరంగి తయారైపోయినట్టే. షీటు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే నాలుగు మీటర్ల అవతల వెలుగుతున్న కొవ్వొత్తి ఆరిపోతుంది. చూసేవాళ్ళకు ఆరిపోవడమే వింతగా ఉంటుంది గానీ, అసలు గమనించాల్సింది మధ్యలో జరిగే ఆలస్యాన్ని. ‘ధబ్’మన్న చప్పుడు ముందు వినిపిస్తుంది. ఆ తర్వాత దాదాపు ఒక సెకను పాటు ఏమీ జరగదు. అప్పుడు మంట ఒక్కసారిగా వెనక్కి వాలి ఆరుతుంది.

నాలుగు మీటర్లు దాటడానికి ధ్వనికి సెకనులో 85వ వంతు చాలు. కాబట్టి చరుపుతో పుట్టిన పీడన తరంగం కొవ్వొత్తిని ఆర్పలేదు. సెకనుకు నాలుగైదు మీటర్ల చొప్పున, అంటే సైకిల్ తొక్కేంత వేగంతో, గదిలో ఏదో తాపీగా ప్రయాణం చేసి వెళ్ళి మంటను తాకింది. అలాగని అది మామూలు గాలి వీచికా అంటే, ఆ లెక్కా కుదరదు.

నోటితో ఎంత గట్టిగా ఊదినా నాలుగు మీటర్ల దూరంలో కొవ్వొత్తి ఆరదు. దూసుకొచ్చే గాలి ధార అంచుల దగ్గర కదలని గాలిని ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిలో చిన్న చిన్న సుడులు లేచి చుట్టూ ఉన్న గాలిని ధారలోకి లాక్కుంటాయి. ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) ఉన్నంతే ఉంటుంది, మోయాల్సిన గాలి మాత్రం పెరుగుతూ పోతుంది. వేగం పడిపోక తప్పదు. ఆగకుండా వీచే ధారలో నడిమి వేగం దూరానికి విలోమంగా తగ్గుతుంది: దూరం రెట్టింపైతే వేగం సగం. ‘ఉఫ్’ మని ఒక్కసారి వదిలిన గాలి ముద్ద గతి ఇంకా అధ్వాన్నం. అది ముందుకూ పక్కలకూ కూడా ఉబ్బుతుంది గనుక దాని వేగం దూరపు ఘనానికి విలోమంగా పడుతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. ఈ బొమ్మను అమ్మేవాళ్ళు ‘గాలి బంతి’ని విసురుతుందని చెబుతుంటారు. నిజంగా బంతే అయితే గది మధ్యకు వచ్చేసరికే చప్పబడిపోవాలి.

బకెట్‌లో అగరబత్తి పొగ నింపి కొడితే సంగతి బయటపడుతుంది. రంధ్రం నుంచి పొగ ఉంగరం ఒకటి వస్తుంది. సుడి తన రెండు కొసలూ కలుపుకుని గుండ్రంగా చుట్టుకుంటే ఏర్పడే ఆకారం అది. పాఠాల్లో వోర్టెక్స్ రింగ్ అంటారు, ఇక్కడ సుడి వలయం అనుకుందాం. వలయం నడిమి ఖాళీలో గాలి ముందుకు దూసుకుపోతుంది, బయటి అంచున వెనక్కి మళ్ళుతుంది, మళ్ళీ నడిమిలోకి వస్తుంది. తుపాకీ గుండులా ఇది గిర్రున తిరుగుతూ పోతుందని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు, అది తప్పు. వలయం తన ప్రయాణ దిశను అక్షంగా చేసుకుని తిరగదు. దాని ఒళ్ళు లోపలి నుంచి బయటికి తిరగబడుతూ ఉంటుంది. పైపు లోపలి గోడను ఆనుకుని దొర్లుకుంటూ పోయే రబ్బరు రింగును ఊహించుకుంటే సరిపోతుంది. వేలికి తొడిగి కిందికి దొర్లించే రబ్బరు బ్యాండు మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో తిరుగుతుంది, ఆ ఉదాహరణ చెప్పేవాళ్ళూ ఉన్నారు.

దొర్లే వస్తువు ఆనుకున్న చోట జారదు. వలయానికి దక్కిన సౌకర్యం కూడా అదే. దాని లోపలి గాలికీ బయటి గాలికీ మధ్య వేగంలో ఒక్కసారిగా తేడా కనిపించే గీత ఎక్కడా ఉండదు; ఒకటి ఇంకోదానిలోకి నున్నగా మారిపోతుంది. ధార అంచున జరిగే చీలికలూ చిక్కులూ ఇక్కడ దాదాపు లేవు. అందుకే బయటి గాలి వలయంలోకి చొరబడటం చాలా నెమ్మదిగా సాగుతుంది, వేగం కూడా అంతే నెమ్మదిగా తగ్గుతుంది.

ఇక దాన్ని ముందుకు నెట్టేదెవరు? ఫిరంగి పని రంధ్రం దగ్గరే అయిపోయింది. వలయంలో ప్రతి ముక్కా తన చుట్టూ గాలిని తిప్పుతుంది; ఆ తిరిగే గాలి ఎదుటి వైపున్న ముక్కను ముందుకు తోస్తుంది. పై ముక్క కింది ముక్కను, ఎడమ ముక్క కుడి ముక్కను, ఇలా అన్నీ కలిసి తమను తామే మోసుకుపోతాయి. ఈ వేగానికి సూత్రాన్ని భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ 1867లో ఇచ్చాడు. సారాంశంలో అది సులువైనదే: సుడి బలం ఎంత ఎక్కువైతే వేగం అంత ఎక్కువ, వలయం వ్యాసార్ధం ఎంత పెద్దదైతే వేగం అంత తక్కువ. సుడి కండ, అంటే తిరిగే గాలి చుట్ట, ఎంత లావుగా ఉందన్న దాని ప్రభావం కొద్దిపాటిదే. ఒకే బలమున్న రెండు వలయాల్లో చిన్నదే ముందు పోతుంది. ఒకదాని వెనుక ఒకటి వదిలితే వెనకది ముందుదాని లాగుడుకు కుంచించుకుని, వేగం పుంజుకుని, ముందుదాని నడుమ గుండా దూరి దాటిపోగలదు. ఆ పైన వెనకబడ్డదానికి అదే వంతు వస్తుంది. ఈ ఆటను జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1858లోనే కాగితం మీద ఊహించాడు.

వలయం పుట్టేది మాత్రం రంధ్రం అంచు దగ్గరే. బయటికి దూసుకొచ్చే గాలిలో అంచును రాసుకుంటూ వచ్చే పలుచని పొర వెనకబడుతుంది. పదునైన అంచు దాటగానే ఆ పొరకు ఆనుకోవడానికి గోడ ఉండదు, బయటివైపుకు చుట్ట చుట్టుకుంటుంది. రంధ్రం చుట్టూ అన్ని వైపులా ఒకేసారి ఇది జరగడంతో చుట్ట వలయమవుతుంది. ఇందులో తమాషా ఒకటుంది. స్నిగ్ధత, అంటే ప్రవాహంలో పొరల మధ్య ఉండే ఒరిపిడి, అసలే లేని ప్రవాహంలో సుడి పుట్టదు, ఉంటే చావదు అని హెల్మ్‌హోల్ట్జ్ సిద్ధాంతం. గాలికి స్నిగ్ధత ఉండబట్టే అంచున సుడి పుడుతోంది; ఆ స్నిగ్ధత చాలా కొద్దిదవడం వల్లే సెకన్ల తరబడి బతుకుతోంది. షీటు తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు ఫిరంగి మళ్ళీ గాలి పీల్చుకుంటుంది కదా, వలయాన్ని కూడా వెనక్కి లాగేయదా అన్న అనుమానం సహజం. లాగదు, ఎందుకంటే ఊదడం ఒక దిశలో జరుగుతుంది, పీల్చడం అన్ని దిశల నుంచీ జరుగుతుంది. కొవ్వొత్తిని ఊది ఆర్పగలిగినవాళ్ళు పీల్చి ఆర్పలేకపోవడానికీ ఇదే కారణం.

ఎక్కువ దూరం కొట్టాలంటే ఏం చేయాలి అన్న దగ్గరే బొమ్మ చేసేవాళ్ళు ఎక్కువగా దారి తప్పేది. పెద్ద రంధ్రం, బలమైన చరుపు, లోతుగా నొక్కడం అన్నవి వెంటనే తట్టే జవాబులు. వీటిలో మొదటిదీ మూడోదీ తరచూ బెడిసికొడతాయి. 1998లో పరిశోధకులు మోర్తెజా ఘరీబ్, ఎడ్మండ్ రాంబోడ్, కరీం షరీఫ్ కలిసి నీటి తొట్టిలో గొట్టం చివర నుంచి పిస్టన్‌తో నీటిని తోసి కొలిచారు. రంధ్రం వెడల్పున్న స్తంభంలా బయటికొచ్చే ద్రవం పొడవు ఆ వెడల్పుకు సుమారు నాలుగు రెట్లు అయ్యేవరకు, వచ్చిందంతా వలయంలోకి చేరుతుంది. నాలుగు దాటాక ఎంత తోసినా వలయం తీసుకోదు. మిగిలిందంతా వెనక తోకలా మామూలు ధారగా వచ్చి చెదిరిపోతుంది. వలయం బలపడే కొద్దీ దాని స్వంత వేగం పెరుగుతుంది. తనకు మేత అందించే పొర వేగాన్ని అది మించిపోగానే ఆ మేత ఇక దాన్ని అందుకోలేదు.

ఈ లెక్కను బకెట్‌కు వర్తింపజేస్తే బొమ్మ తయారీ రహస్యమంతా బయటికొస్తుంది. రంధ్రం వెడల్పు 10 సెంటీమీటర్లయితే 40 సెంటీమీటర్ల పొడవున్న గాలి స్తంభం కావాలి. దాని ఘనపరిమాణం 3.1 లీటర్లు. బకెట్ మూతి వెడల్పు 28 సెంటీమీటర్లనుకుంటే షీటు సగటున 5 సెంటీమీటర్లు లోపలికి కదిలితే చాలు. అరచేతి చరుపుకు అది హాయిగా అందే దూరం. రంధ్రాన్ని 5 సెంటీమీటర్లకు తగ్గిస్తే కావాల్సింది 0.4 లీటరు మాత్రమే. అదే చరుపుకు వచ్చే మూడు లీటర్లలో చాలాభాగం తోకలో వృథా అవుతుంది. రంధ్రాన్ని 20 సెంటీమీటర్లకు పెంచితే 25 లీటర్లు కావాలి. అంత గాలి ఆ బకెట్‌లోనే లేదు! వచ్చేది బక్కచిక్కిన వలయం, నాలుగడుగులు పోయి చతికిలబడుతుంది. నాలుగు అన్న అంకె గొట్టం చివరకు కొలిచింది, బకెట్ అడుగులో కోసిన పలుచని రంధ్రానికి అది కొంత మారుతుంది. అయినా రంధ్రం వెడల్పును రెట్టింపు చేస్తే గాలి ఎనిమిది రెట్లు కావాలన్న నిష్పత్తి మాత్రం మారదు. బేరమాడటానికి వీల్లేని నియమం అది.

బలమైన చరుపు సంగతి వేరు. గాలి పరిమాణం అదే ఉంచి తోసే సమయాన్ని తగ్గిస్తే వేగం పెరుగుతుంది, దాంతోపాటు సుడి బలమూ పెరుగుతుంది. మూడు లీటర్లను సెకనులో 20వ వంతులో బయటికి నెడితే రంధ్రం దగ్గర గాలి వేగం సెకనుకు 8 మీటర్లు. పుట్టే వలయం అందులో సగానికి కొంచెం అటూ ఇటుగా పోతుంది. మొదట్లో చెప్పిన ఒక సెకను ఆలస్యం ఇక్కడి నుంచి వచ్చిందే. ఇంతా చేసి బకెట్ బయటికి నెట్టిన గాలి బరువు నాలుగు గ్రాములైనా ఉండదు. అందుకే ఈ ఫిరంగి జుట్టును ఎగరేస్తుంది, కాగితపు గ్లాసుల గోపురాన్ని కూలుస్తుంది, అంతకుమించి ఎవరికీ హాని చేయదు. పైపుల్లో కార్బైడ్ వేసి పేల్చే ‘కార్బైడ్ గన్’లను కూడా కొందరు దీనితో కలిపేసి మాట్లాడుతున్నారు. అవి పేలుడు మీద నడిచేవి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎందరో పిల్లల కళ్ళు వాటివల్ల దెబ్బతిన్నాయి. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం మంచిది కాదు.

రంధ్రం గుండ్రంగానే ఉండాలా? ఉండనక్కర్లేదు, కాకపోతే చతురస్రంగా కోస్తే ఒక చక్కని దృశ్యం చూడొచ్చు. మొదట చతురస్రపు వలయమే వస్తుంది. మూలల్లో వంపు ఎక్కువ గనుక అక్కడి సుడి మిగతా భుజాల కంటే వేగంగా ముందుకు దూకుతుంది. ముందుకు పోయిన మూలలు లోపలికి వాలుతాయి, వెనకబడ్డ భుజాల మధ్యభాగాలు బయటికి ఉబ్బుతాయి. కాసేపటికి చతురస్రం 45 డిగ్రీలు తిరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి ఏదీ తిరగలేదు. ఆ ఊగిసలాటలో శక్తి త్వరగా ఖర్చవుతుంది, వలయం ముందే చెదురుతుంది. దూరం కావాలంటే గుండ్రటి రంధ్రమే మేలు. కోసిన అంచు చిరుగులు లేకుండా నున్నగా ఉండటం కూడా ముఖ్యం. ఒకవైపు సుడి కాస్త బలహీనంగా పుట్టినా వలయం గురి తప్పి పక్కకు పోతుంది.

పొగను మరీ నమ్మకూడదు. పొగ కణాలు గాలితో కొట్టుకుపోతాయే తప్ప సుడి ఎక్కడుందో అవి చెప్పవు, ఒకప్పుడు ఎక్కడ పుట్టిందో చెబుతాయి. వలయం చెదిరిపోయాక కూడా పొగ ఉంగరం గాల్లో తేలుతూ ఉండొచ్చు, పొగ పలచబడి మాయమైనా వలయం బతికే ఉండొచ్చు. పొగలేని ఫిరంగి కూడా అంతే దూరం కొడుతుంది. వలయం చావుకు స్నిగ్ధతను నిందించడం కూడా అంత సబబు కాదు. రెండు సెంటీమీటర్ల మందమున్న సుడి కండ కేవలం స్నిగ్ధత వల్ల కరిగిపోవడానికి పాతిక సెకన్ల పైనే పడుతుంది. అంతకంటే చాలా ముందే వలయం చుట్టూ అలలు లేస్తాయి, గుండ్రటి గీత వంకీల గీతగా మారుతుంది, ఆ వంకీలు పెరిగి వలయాన్ని చించేస్తాయి. 1970లలో శాస్త్రవేత్త షీలా విడ్నాల్ ఈ అస్థిరతను విశ్లేషించారు కాబట్టి దానికి ఆమె పేరే నిలిచింది.

ఈ బకెట్‌కు తాత లాంటి పరికరం స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టింది. అక్కడి భౌతిక శాస్త్రవేత్త పీటర్ గుథ్రీ టెయిట్ ఒక పెట్టెకు ఒకవైపు గుండ్రటి రంధ్రం చేసి, ఎదుటి వైపు చెక్క తీసేసి గుడ్డ బిగించాడు. లోపల అమ్మోనియానూ, ఉప్పు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే వచ్చే ఆవిరినీ కలిపి దట్టమైన తెల్లటి పొగ పుట్టించాడు. 1867 జనవరిలో, అప్పటికి ఇంకా విలియం థామ్సన్‌గానే పిలవబడుతున్న కెల్విన్, ఆ పొగ వలయాలు ఒకదానికొకటి తగిలి రబ్బరులా వణుకుతూ విడిపోవడం చూశాడు. సుడి పుట్టదు, చావదు అన్న హెల్మ్‌హోల్ట్జ్ మాట అప్పటికే అతని బుర్రలో ఉంది. పరమాణువులంటే, అంతటా నిండి ఉందని అప్పట్లో నమ్మిన ఈథర్‌లో ముడులు పడ్డ సుడి వలయాలేనని ఆ ఏడాదే ప్రతిపాదించాడు. ఒక్కో ముడికి ఒక్కో మూలకం. సిద్ధాంతం నిలబడలేదు, ఈథరే లేదని తేలింది. అయితే ఆ మూలకాల కోసం టెయిట్ ఓపిగ్గా తయారుచేసిన ముడుల పట్టికలు గణితంలో ముడులను అధ్యయనం చేసే నాట్ థియరీకి తొలి పునాదుల్లో ఒకటయ్యాయి.

నాలుగు రెట్ల లెక్క మన ఒంట్లో కూడా ఉంది. గుండె సడలినప్పుడు మైట్రల్ కవాటం గుండా ఎడమవైపు కింది గది అయిన ఎడమ జఠరికలోకి వచ్చే రక్తం సుడి వలయంగానే చుట్టుకుంటుంది. ఘరీబ్ బృందం 2006లో ఈ ప్రవాహాన్ని అదే నిష్పత్తితో కొలిచి, ఆరోగ్యవంతుల్లో అది నాలుగు, ఐదు ప్రాంతంలో ఉంటుందనీ, ఉబ్బి బలహీనపడ్డ గుండెల్లో బాగా తగ్గుతుందనీ చూపింది. ఇంజినీర్లు దీన్ని మరోలా వాడుకున్నారు. రష్యాలో నోవోసిబిర్స్క్‌లోని లావ్రెంత్యేవ్ సంస్థ శాస్త్రవేత్తలు మంటలార్పే పొడిని నింపుకున్న సుడి వలయాన్ని పేలుడుతో పుట్టించి, భగభగమండే గ్యాస్ బావుల మీదికి పంపి ఆర్పే పద్ధతి రూపొందించారు. 2013లో డిస్నీ పరిశోధకులు స్పీకర్లతో చిన్న చిన్న వలయాలు విసిరి, ఖాళీ గాలిలో ఏదో తాకిన అనుభూతి కలిగించే పరికరం చేశారు. అక్కడ పనిచేసే దూరం ఓ మీటరు మాత్రమే.

ఇక ఇదే వలయాన్ని ఆకాశం మీదికి ఎక్కుపెట్టిన కథ ఉంది, అది మన రైతులకు కూడా ఎంతో కొంత అవసరమైన కథ. నేటి స్లొవేనియాలోని స్లొవెన్‌స్కా బిస్ట్రిత్సా అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో విండిష్-ఫైస్ట్రిట్జ్. ఆ ఊరి మేయర్, ద్రాక్ష రైతు అయిన ఆల్బర్ట్ స్టైగర్, వడగళ్ళ బెడద వదిలించుకోవడానికి 1896లో నిలువుగా పైకి పేలే ఫిరంగులు పెట్టించాడు. మూతికి పెద్ద గరాటు, అడుగున మందుగుండు. పేలగానే ఈలవేస్తూ పొగ వలయం పైకి లేచేది, దాదాపు 300 మీటర్ల ఎత్తుకు పోయేది. తర్వాతి రెండు మూడేళ్ళు వడగళ్ళు పెద్దగా పడకపోవడంతో పద్ధతి ఇటలీకి, ఫ్రాన్స్‌కు అంటుకుంది. 1899లో ఇటలీలోని కసాలే మోన్ఫెర్రాతోలో వడగళ్ళ ఫిరంగుల మీద ఏకంగా అంతర్జాతీయ సభే పెట్టారు. 1902లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జరిగిన సభ నాటికి అనుమానాలు ముదిరి, ఆస్ట్రియా, ఇటలీ ప్రభుత్వాలు రెండేళ్ళ పరీక్షకు దిగాయి. ఫిరంగులు దట్టంగా మోహరించిన ప్రాంతాల్లోనే వడగళ్ళు పడి పంటలు పోయాయి. అక్కడితో ఆ ఊపు చల్లారింది.

ఇప్పుడు ఎసిటిలీన్‌తో పేలే కొత్త ఫిరంగులు మళ్ళీ అమ్ముడవుతున్నాయి. హిమాచల్ ప్రదేశ్ యాపిల్ తోటల్లో గత పదిహేనేళ్ళుగా వీటిని చూడొచ్చు. తయారీదారులు ఇప్పుడు వలయం మాట ఎత్తరు, పేలుడుతో పుట్టే బలమైన పీడన తరంగం, అంటే షాక్ వేవ్, వడగళ్ళను గట్టిపడనివ్వదంటారు. ఆ షాక్ వేవ్ కొంత దూరం పోయేసరికి మామూలు చప్పుడుగా మారిపోతుంది. వడగళ్ళు తయారయ్యే మబ్బు పది కిలోమీటర్ల పైకి లేచి ఉంటుంది, దాని లోపల ఉరుములు అంతకంటే ఎన్నో రెట్లు గట్టిగా ఎప్పుడూ దద్దరిల్లుతూనే ఉంటాయి. ఆ ఉరుములకు ఆగని వడగళ్ళు ఈ గరాటుకు ఆగుతాయనడం నమ్మశక్యంగా లేదు. ప్రపంచ వాతావరణ సంస్థ కూడా ఈ ఫిరంగులకు శాస్త్రీయ ఆధారం లేదని తేల్చి చెప్పింది.

అయినా నమ్మకం ఎందుకు పోదంటే వడగళ్ళు పడే తీరు అలాంటిది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలంగాణ మామిడి తోటల్లో చూసినవాళ్ళకు తెలుసు: ఒక తోట పిందెలన్నీ నేలరాలుతాయి, రోడ్డుకు అవతలి తోటలో ఆకు కూడా చిరగదు. సన్నటి పట్టీల్లా పడి పోతాయి. ఫిరంగి కొన్న తోట మీద పడకపోతే ఆ ఘనత ఫిరంగిదవుతుంది. ఫిరంగి లేని పక్క తోట కూడా అదే రోజు బతికిపోయిన సంగతి ఎవరూ లెక్కలో రాయరు.